ఆకాశానికి కట్టిన పందెం

చీపురుపల్లిలో గానీ, పక్కనున్న గరివిడిలో గానీ, రాజాంలో గానీ నలుగురు కూర్చున్న చోట రాకెట్ల మాట ఎత్తితే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "రాకెట్టంటే గవర్మెంటోళ్ల పని గదా, దానికి పందేలేటండీ?" అడిగేవాళ్లు నిజంగానే తెలుసుకుందామని అడుగుతారు. పరుగుకు పందెం ఉంది, ఎడ్లకు ఉంది, రాయి ఎత్తడానికి ఉంది. అంతరిక్షానికి పందెం ఎవరు కడతారు? గెలిచినవాడికి డబ్బొస్తుంది సరే, చూసేవాళ్లకి ఏమొస్తుంది?

ఆ చివరి మాట దగ్గరే నేను ఆగాలనుకుంటున్నాను. అంతరిక్ష ప్రయాణాల చరిత్రలో పందేలు కొన్ని యంత్రాలను పుట్టించాయి. అంతకన్నా ముఖ్యంగా, చూస్తూ కూర్చున్న జనంలోంచి కొందరిని లేపి పనిలోకి దించాయి. ఎలా దించాయో, ఎక్కడ చతికిలపడ్డాయో, వాటి గాలి మన తెలుగు నేల మీదికి ఎలా వచ్చిందో వరసగా చూద్దాం.

చూడ్డం ఎన్నాళ్లు?

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ చందమామ దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. ఆ సమయంలో ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఏకకాలంలో చూస్తున్నవాళ్లు 80 లక్షలకు పైనే. టీవీల ముందున్నవాళ్లు దీనికి అదనం. దేశమంతటా బళ్లలో పిల్లల్ని కూర్చోబెట్టి మరీ చూపించారు. పది రోజుల తర్వాత, సెప్టెంబరు 2న, సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య-ఎల్1 శ్రీహరికోట నుంచి బయల్దేరింది. నాలుగు నెలలు ప్రయాణించి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన చోటికి చేరింది. అది చేరిన రోజు 2024 జనవరి 6. ఆ తేదీ ఎంతమందికి గుర్తుంది?

ఇది మన ఒక్కళ్ల సంగతే కాదు. 1969 జులైలో మనిషి మొదటిసారి చంద్రుడి మీద అడుగుపెడుతుంటే ప్రపంచంలో కోట్లాదిమంది టీవీలకు అతుక్కుపోయారు. తొమ్మిది నెలలు గడిచేసరికి, 1970 ఏప్రిల్‌లో, అపోలో 13 వ్యోమగాములు దారిలో నుంచి పంపిన కార్యక్రమాన్ని అమెరికాలో పెద్ద టీవీ సంస్థలేవీ ప్రసారం చెయ్యలేదు. జనం చూడరనుకున్నారు. ఆ కార్యక్రమం ముగిసిన కాసేపటికే నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. అప్పుడు మళ్లీ లోకమంతా ఊపిరి బిగపట్టి చూసింది. 1972 డిసెంబరు తర్వాత మనుషుల చంద్రయాత్రలే ఆగిపోయాయి.

జనాన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఉత్తరాంధ్రలో ఉపగ్రహాల విలువ ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు విరుచుకుపడినప్పుడు, ఉపగ్రహాలు తీసిన మేఘాల బొమ్మలు చూసే ఇళ్లు ఖాళీ చేసి బతికి బయటపడ్డాం. విలువ తెలియక కాదు, అక్కడ మనకొక పని లేక ఆసక్తి చల్లారుతుంది. ఎంత గొప్ప దృశ్యమైనా, చూసి చప్పట్లు కొట్టడం తప్ప మరో పాత్ర లేకపోతే రెండోసారి ఎవరు కూర్చుంటారు?

సంగిడి రాయి సూత్రం

మన పల్లెల్లో సంక్రాంతికీ జాతరలకూ సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు కదా, ఒక్కసారి దాన్ని జాగ్రత్తగా గమనించండి. పోటీ పెట్టినవాళ్లు చెప్పేది ఒక్కటే. ఇదిగో రాయి, ఇంత ఎత్తుకు లేపాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఏం తిన్నావు, ఏ కులం, ఏ ఊరు అని అడగరు. రాయి లేచిందా లేదా అన్నదే లెక్క. లేవకపోతే పెట్టినవాళ్ల జేబులోంచి పైసా కదలదు. కానీ ఆ ఒక్క రాయి కోసం చుట్టుపక్కల పది ఊళ్లలో కుర్రాళ్లు నెలల తరబడి కసరత్తు చేస్తారు. గెలిచేది ఒక్కడే అయినా గట్టిపడే భుజాలు వందల్లో ఉంటాయి. చూడ్డానికి వచ్చినవాడు కూడా ఇంటికెళ్లి చీకట్లో ఒక రాయి లేపి చూస్తాడు.

ఫలితానికి మాత్రమే డబ్బిచ్చే ఈ ఏర్పాటును మనం 'ఫలిత బహుమతి' అనుకుందాం. విమానాలు ఇంకా కర్రా గుడ్డా దశలో ఉన్నప్పుడు, 1919లో, రేమాండ్ ఓర్టీగ్ అనే న్యూయార్క్ హోటల్ యజమాని ఇలాంటి పందేన్నే కట్టాడు. న్యూయార్క్‌కూ పారిస్‌కూ మధ్య ఎక్కడా దిగకుండా ఎగిరినవాళ్లకు 25 వేల డాలర్లు. పేరున్న పైలట్లు పెద్ద విమానాలతో ప్రయత్నించి విఫలమయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1927 మే నెలలో అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని చార్లెస్ లిండ్‌బర్గ్ ఒక్కడే, ఒకే ఇంజను విమానంలో, ముప్పైమూడున్నర గంటలు నిద్ర లేకుండా నడిపి పారిస్‌లో దిగాడు. పోటీదార్లంతా పెట్టిన ఖర్చు కలిపితే బహుమతి సొమ్ముకు ఎన్నో రెట్లు. అంతవరకూ సాహసికుల వ్యవహారంగా ఉన్న విమాన ప్రయాణం మీద జనానికి నమ్మకం కుదిరింది ఆ తర్వాతే.

ఈ కథను పుస్తకంలో చదివి కదిలిపోయినవాడు పీటర్ డయామాండిస్. చిన్నప్పటి నుంచీ అతనికి అంతరిక్షానికి వెళ్లాలన్నదే కోరిక. ప్రభుత్వ వ్యోమగామిగా ఎంపికయ్యే అవకాశం ఎంత తక్కువో అతనికి తెలుసు. అందుకని తనే ఒక పందెం కట్టాడు. 1996 మే నెలలో సెయింట్ లూయిస్ నగరంలో కోటి డాలర్ల ఎక్స్ ప్రైజ్ ప్రకటించాడు. విశేషమేమిటంటే ప్రకటించిన రోజున అతని దగ్గర ఆ కోటి డాలర్లు లేవు. చివరికి ఇరాన్ నుంచి వలస వచ్చి అమెరికాలో వ్యాపారంలో ఎదిగిన అన్సారీ కుటుంబం ముందుకొచ్చింది. వాళ్లు ఇచ్చిన డబ్బుతో ఒక బీమా పాలసీ కొన్నారు. గడువులోగా ఎవరైనా గెలిస్తే కంపెనీ కోటి డాలర్లు కడుతుంది, ఎవరూ గెలవకపోతే ప్రీమియం కంపెనీకే. ఆ గడువు 2004తో ముగుస్తుంది. అంటే బీమా కంపెనీ వాళ్లు లెక్కలన్నీ వేసుకుని, ఎవరూ గెలవరన్న వైపే మొగ్గారన్నమాట.

నియమాలు కూడా సంగిడి పోటీలో మాదిరే సూటిగా ఉన్నాయి. ముగ్గురు మనుషులు పట్టే వాహనం కావాలి. పైలట్‌తో పాటు మరో ఇద్దరి బరువు మోస్తే చాలు. నేల నుంచి 100 కిలోమీటర్ల ఎత్తు దాటి క్షేమంగా తిరిగి రావాలి. రెండు వారాల్లోపల అదే వాహనంతో మళ్లీ వెళ్లి రావాలి. ప్రభుత్వం సొమ్ము ముట్టకూడదు. ఏడు దేశాల నుంచి 26 జట్లు పేర్లిచ్చాయి.

వంద కిలోమీటర్ల గీత

వందే ఎందుకు? పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. విమానం రెక్కకు ఆసరా ఇచ్చేది గాలే కాబట్టి, పలచటి గాలిలో తేలాలంటే ఇంకా వేగంగా పోవాలి. ఇలా పోగా పోగా ఒక ఎత్తుకు వచ్చేసరికి, రెక్క మీద తేలడానికి ఎంత వేగం కావాలో రెక్కే లేకుండా భూమి చుట్టూ తిరగడానికీ దాదాపు అంత వేగమే చాలుతుంది. అక్కడి నుంచి రెక్క అనవసరం. విమానాల రాజ్యం ముగిసి అంతరిక్షం మొదలయ్యేది అక్కడే. లెక్క వేసిన శాస్త్రవేత్త పేరు మీద దాన్ని కార్మాన్ రేఖ అంటారు. ప్రకృతి గీసిన గీత కాదది, సౌకర్యం కోసం మనుషులు 100 దగ్గర గీసుకున్నారు. అమెరికా ప్రభుత్వం సుమారు 80 కిలోమీటర్ల దగ్గరే గీస్తుంది. ఈ తేడా కాసేపట్లో మనకు మళ్లీ తగులుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. వంద కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లడం వేరు, భూమి చుట్టూ కక్ష్యలో తిరగడం వేరు. విజయనగరం దగ్గర రామతీర్థం కొండ మీద నిలబడి ఒక రాయి విసిరారనుకోండి. కొంతదూరం పోయి పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరం పడుతుంది. గాలి అడ్డే లేదనుకుని, సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో విసరగలిగితే, రాయి కిందికి వంగుతున్న మేరకే గుండ్రటి భూమి కూడా దాని కింద వంగిపోతూ ఉంటుంది. రాయి పడుతూనే ఉంటుంది, నేల అందదు. కక్ష్య అంటే అదే. ఆ వేగంతో చీపురుపల్లి నుంచి విజయనగరం చేరడానికి నాలుగు సెకన్లు చాలు.

ఎక్స్ ప్రైజ్ అడిగింది అంత వేగం కాదు. నిటారుగా పైకి లేచి, గీత దాటి, కిందికి వచ్చెయ్యడమే. దీన్ని 'ఉపకక్ష్య ప్రయాణం' అంటారు. దానికి సెకనుకు సుమారు ఒక కిలోమీటరు వేగం సరిపోతుంది. ఎనిమిదికీ ఒకటికీ తేడా ఎనిమిది రెట్లేగా అనిపిస్తుంది. కానీ వేగం రెట్టింపు చెయ్యాలంటే శక్తి నాలుగు రెట్లు పెట్టాలి. ఎనిమిది రెట్లు చెయ్యాలంటే అరవై నాలుగు రెట్లు. పోటీ పెట్టినవాళ్ల తెలివి ఇక్కడే ఉంది. ప్రభుత్వాలు మాత్రమే ఎత్తగలిగిన బండరాయిని పక్కన పెట్టి, ఒక చిన్న జట్టు చెమటోడిస్తే లేచే రాయిని ఎంచుకున్నారు.

దాన్ని లేపినవాడు బర్ట్ రుటాన్. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో చిన్న చిన్న వింత విమానాలు తయారు చేసే ఇంజనీరు. అతని స్పేస్‌షిప్‌వన్‌కు పెట్టుబడి మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ పెట్టాడు. ఖర్చు 2 కోట్ల డాలర్లు దాటింది. బహుమతి చూస్తే కోటి. నేల మీంచి నేరుగా పైకి ఎగరకుండా, వైట్ నైట్ అనే విమానం పొట్ట కింద వేలాడుతూ సుమారు 15 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లేది. అక్కడ విడిపోయాక ఇంజను వెలిగించేవారు. ఇంధనం ఒక రకం రబ్బరు. దాన్ని మండించడానికి నైట్రస్ ఆక్సైడ్, అంటే దంతవైద్యులు నొప్పి తెలియకుండా పీల్పించే వాయువే.

రుటాన్ ఆలోచనల్లో నాకు బాగా నచ్చింది తిరుగు ప్రయాణం. పైనుంచి పడే వాహనం గాలిని ఒరుసుకుని వేడెక్కుతుంది, తల తిరిగిందంటే ముక్కలవుతుంది. దీనికి కంప్యూటర్లు పెట్టి దిశ సరిచేసే బదులు, రుటాన్ రెక్కల వెనక సగాన్ని తోకతో సహా పైకి మడిచేశాడు. అలా మడిచాక వాహనం ఎటు తిరిగి పడినా గాలే దాన్ని పొట్ట కిందికి వచ్చేలా సర్దుతుంది. గాలి బాగా పలచగా ఉన్న ఎత్తులోనే వేగం తగ్గిపోతుంది కాబట్టి వేడి కూడా తక్కువే. కిందికి వచ్చాక రెక్కను మళ్లీ చాపి, మామూలు గ్లైడరులా రన్‌వే మీద దిగుతుంది.

2004 జూన్ 21న మైక్ మెల్విల్ దాన్ని వంద కిలోమీటర్ల గీత దాటించాడు. ప్రభుత్వంతో సంబంధం లేని వాహనంలో మనిషి అంతరిక్షానికి వెళ్లడం అదే మొదలు. అప్పటికి అతని వయసు అరవై దాటింది. పైన బరువు తెలియని ఆ కొన్ని నిమిషాల్లో జేబులోంచి రంగు రంగుల చాక్లెట్ బిళ్లలు తీసి వదిలాడు. అవి కళ్ల ముందే గాల్లో తేలుతూ తిరిగాయి. బహుమతి కోసం లెక్కకు వచ్చే మొదటి ప్రయాణం సెప్టెంబరు 29న. ఆ రోజు పైకి పోతూ వాహనం గిర్రున ఇరవైసార్లకు పైగా పొర్లింది, అయినా మెల్విల్ దాన్ని క్షేమంగా దించాడు. రెండోది అక్టోబరు 4న. నడిపింది బ్రయన్ బిన్నీ, చేరిన ఎత్తు 112 కిలోమీటర్లు. 1957లో స్పుత్నిక్ ఎగిరింది కూడా అక్టోబరు 4నే. ఎడారి గాలిలో తెల్లవారుజాము నుంచే వేలమంది వచ్చి నిలబడి చూశారు.

ఆ వాహనం వారసుడిలో తెలుగమ్మాయి

వ్యాపారి రిచర్డ్ బ్రాన్సన్ స్పేస్‌షిప్‌వన్ సాంకేతికత హక్కులు తీసుకుని వర్జిన్ గెలాక్టిక్ కంపెనీ పెట్టాడు. రెండు మూడేళ్లలో ప్రయాణికుల్ని తీసుకెళ్తామన్నారు గానీ బ్రాన్సన్ తను వెళ్లడానికే పదిహేడేళ్లు పట్టింది. దారిలో ప్రాణాలు పోయాయి. 2007లో మొహావీలో ఇంజనుకు సంబంధించిన ఒక పరీక్ష జరుగుతుండగా పేలుడులో ముగ్గురు సిబ్బంది చనిపోయారు. 2014 అక్టోబరు 31న పరీక్షకు ఎగిరిన వాహనం గాల్లోనే ముక్కలై సహ పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ మరణించాడు. ఇందాక మెచ్చుకున్న ఆ మడత రెక్కకు ఒక గొళ్లెం ఉంటుంది. వేగం ఇంకా పుంజుకుంటుండగానే ఆ గొళ్లెం తీశారు, గాలి తోపుడుకు రెక్క దానంతటదే మడుచుకుపోయింది. ఒక మనిషి ఒక క్షణం పొరబడితే వాహనమే పోయేలా ఎందుకు వదిలేశారని దర్యాప్తు సంస్థ తయారీదారులను గట్టిగా అడిగింది. పందేల కథ చెప్పేటప్పుడు ఈ పేజీని దాటవెయ్యడం న్యాయం కాదు.

2021 జులై 11న యూనిటీ అనే వాహనంలో బ్రాన్సన్‌తో పాటు వెళ్లిన ఐదుగురిలో శిరీష బండ్ల ఒకరు. గుంటూరు ప్రాంతంలో పుట్టి, హ్యూస్టన్‌లో పెరిగి, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విమాన, అంతరిక్ష ఇంజనీరింగ్ చదివింది. చూపు సరిగా లేనందువల్ల నాసా దారి తనకు మూసుకుపోయిందని ఆమే చెప్పింది. ఆ రోజు ఆమె కిటికీలోంచి చూసి రావడానికి మాత్రమే వెళ్లలేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ల మొక్కల ప్రయోగం ఆమె చేతిలో ఉంది. చిన్న గొట్టాల్లో ఆవాల జాతికి చెందిన బుల్లి మొక్కలు. ప్రయాణంలో వేర్వేరు దశల్లో ఒక్కో గొట్టాన్ని నొక్కితే, లోపలి ద్రవం ఆ మొక్కలోని జీవక్రియను ఉన్నదున్నట్టు నిలిపేస్తుంది. నేల మీదికి తెచ్చాక, బరువు మారిన ఆ క్షణంలో ఏ జన్యువులు మేలుకున్నాయో చూడొచ్చు.

యూనిటీ చేరిన ఎత్తు సుమారు 86 కిలోమీటర్లు. అమెరికా గీత దాటింది, కార్మాన్ గీత దాటలేదు. దీనిమీద వాదోపవాదాలు చాలా జరిగాయి. నాకు వాటికన్నా ఆమె చేతిలోని గొట్టాలే ఎక్కువగా కనబడతాయి. విజయవాడలో పుట్టిన గోపి తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ అనే మరో కంపెనీ రాకెట్‌లో ఇలాంటి ప్రయాణమే చేసి వచ్చాడు. సంతోషించాం. కానీ వర్జిన్ గెలాక్టిక్ టికెట్టు 2021లో నాలుగున్నర లక్షల డాలర్లు, అప్పటి లెక్కన మూడు కోట్ల రూపాయలకు పైన. పోటీగా ఉన్నంతకాలం ఏ షెడ్డులోని కుర్రాడైనా పేరిచ్చే వీలుంది. టికెట్టుగా మారాక మనం మళ్లీ టీవీ ముందుకే చేరాం. ఈ మలుపు నాకు బాధ కలిగిస్తుంది.

ఎవరికీ దక్కని బహుమతి

2007లో ఎక్స్ ప్రైజ్ సంస్థ ఇంకా పెద్ద పందెం కట్టింది. ఈసారి డబ్బు గూగుల్‌ది, మొత్తం 3 కోట్ల డాలర్లు. చంద్రుడి మీద యంత్రాన్ని దించాలి, అక్కడ 500 మీటర్లు కదిలించాలి, స్పష్టమైన వీడియో పంపాలి. మన దేశం నుంచి నిలిచిన జట్టు బెంగళూరులోని టీమ్ ఇండస్. రాహుల్ నారాయణ్ నాయకత్వంలో అంతరిక్ష రంగంలో ఏ అనుభవమూ లేని కొద్దిమందితో మొదలైంది. తర్వాత ఇస్రోలో పనిచేసి రిటైరైన పెద్దలు కూడా వచ్చి కలిశారు. కుర్రాళ్ల పక్కన కూర్చుని వాళ్ల లెక్కలు దిద్దారు. ల్యాండింగ్ పరిజ్ఞానానికి 2015లో ఆ జట్టుకు 10 లక్షల డాలర్ల మధ్యంతర బహుమతి వచ్చింది. పీఎస్ఎల్‌వీ రాకెట్ కోసం ఇస్రో వాణిజ్య విభాగంతో ఒప్పందమూ జరిగింది. కావలసిన డబ్బు మాత్రం సమకూరలేదు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2018 మార్చి 31 దాకా తెచ్చారు. ఆ రోజుకు ఏ దేశపు జట్టూ చంద్రుడి దాకా వెళ్లలేదు. బహుమతి అలాగే మిగిలిపోయింది.

ఎందుకు? రాయి మరీ బరువైంది. మొదటి బహుమతి 2 కోట్ల డాలర్లయితే, చంద్రుడి మీద దిగడానికి అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. మిగతా సొమ్ము నమ్మకం మీద పెట్టే పాల్ అలెన్ లాంటివాడు ప్రతి జట్టుకూ దొరకడు కదా.

అయినా చేసిన కసరత్తు వృథా పోలేదు. పోటీలో ఉన్న ఇజ్రాయెల్ జట్టు బహుమతి లేదని తెలిసీ పని ఆపలేదు. 2019 ఏప్రిల్ 11న వాళ్ల బెరెషీట్ చంద్రుడి మీద కూలింది. పోటీలో పుట్టిన జపాన్ జట్టు 2023లో ప్రయత్నించి కూలింది, 2025లో మళ్లీ కూలింది. ఈలోగా నాసా దారి మార్చింది. బహుమతి ఇవ్వడం కాకుండా, 'మా పరికరాలు చంద్రుడి మీదికి చేర్చండి, కిరాయి ఇస్తాం' అని 2018లో ప్రైవేటు కంపెనీలను పిలిచింది. ఆ కిరాయి పద్ధతిలోనే 2024 ఫిబ్రవరిలో ఇంట్యూటివ్ మెషీన్స్ వాహనం దిగి ఒక పక్కకు ఒరిగింది, 2025 మార్చి 2న ఫైర్‌ఫ్లై వాళ్ల బ్లూ గోస్ట్ నిటారుగా దిగింది. తలుపు తెరవడానికి పందెం చాలు. లోపలికి వెళ్లినవాళ్లు నిలబడాలంటే మాత్రం కొనేవాడు కావాలి. ఈ రెండూ వేర్వేరు పనులన్న సంగతి అర్థం కావడానికి పదేళ్లు పట్టింది.

విశాఖ, హైదరాబాద్, శ్రీహరికోట

సొంత డబ్బుతో ఆకాశాన్ని వెతకడం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో తన ఇంటి ఆవరణలోనే ఖగోళ వేధశాల కట్టించాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించి, ఆ వివరాలు లండన్ ఖగోళ సంఘానికి పంపాడు. వెనక ఏ ప్రభుత్వమూ లేదు.

అదే విశాఖకు చెందిన పవన్ కుమార్ చందన, అతని మిత్రుడు నాగ భరత్ డాకా ఇస్రో ఉద్యోగాలు వదిలి 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ ఏరోస్పేస్ మొదలుపెట్టారు. అప్పటికి మన దేశంలో ప్రైవేటు కంపెనీలు ఇస్రోకు విడిభాగాలు చేసి ఇవ్వాలే తప్ప సొంతంగా రాకెట్ ఎగరేసే ఏర్పాటు లేదు. 2020లో కేంద్రం తలుపు తీసి, అనుమతుల కోసం ఇన్-స్పేస్ అనే సంస్థను పెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి, 2022 నవంబరు 18న, స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచింది. పొడవు ఆరు మీటర్లు. చేరిన ఎత్తు 89.5 కిలోమీటర్లు. ఐదు నిమిషాల్లోపే ప్రయాణం ముగించి బంగాళాఖాతంలో పడింది. అది కూడా ఉపకక్ష్య ప్రయాణమే, స్పేస్‌షిప్‌వన్ మాదిరి ముందు లేపగలిగిన రాయి లేపి చూడడమే. అందులో వెళ్లిన మూడు పరికరాల్లో ఒకటి ఆంధ్రాకు చెందిన ఎన్-స్పేస్‌టెక్ సంస్థది. ఎనిమిది రోజుల తర్వాత పీఎస్ఎల్‌వీ మీద హైదరాబాద్‌లోని ధ్రువ స్పేస్ చేసిన రెండు బుల్లి ఉపగ్రహాలు కక్ష్యకు చేరాయి. అవి రేడియో అభిరుచి ఉన్నవాళ్ల సందేశాలు అందుకుని మరోచోట వినిపించడానికి చేసినవి.

ఇక్కడ కోటి డాలర్ల బహుమతి ఎవరూ పెట్టలేదు. కానీ వచ్చిన ఫలితం ఒకటే. రాకెట్ చెయ్యాలంటే ఇస్రోలో సీటు రావాలి, లేకపోతే ఆశ వదులుకోవాలి అన్న రోజులు పోయాయి. చీపురుపల్లి స్టేషన్లో ఆగే రైలు పట్టాలే గూడూరు దాటి సూళ్లూరుపేట దాకా పోతాయి, అక్కడ దిగితే శ్రీహరికోట దగ్గరే. 2019 నుంచి అక్కడ గ్యాలరీ కట్టి జనాన్ని రానిస్తున్నారు. తప్పకుండా వెళ్లి చూడండి. కానీ అదీ చూడడమే కదా.

డబ్బాలో ఉపగ్రహం

మరి బడి పిల్లలు ఎత్తగల రాయి ఏది?

1998లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బాబ్ ట్విగ్స్ ఒక కూల్‌డ్రింక్ డబ్బా చూపించి, ఇందులో పట్టే ఉపగ్రహం చెయ్యాలని ప్రతిపాదించాడు. దాన్ని క్యాన్‌శాట్ అంటారు, మనం 'డబ్బా ఉపగ్రహం' అందాం. ఇది కక్ష్యకు వెళ్లదు. చిన్న రాకెట్‌తోనో బెలూన్‌తోనో పైకి తీసుకెళ్లి వదిలేస్తారు. పారాచూట్‌తో దిగుతూ, దిగే దారంతా కొలతలు తీసి రేడియోలో కిందికి పంపాలి. ఒక అసలైన ఉపగ్రహానికి ఉండే ముఖ్య భాగాలు చాలావరకు ఇందులో ఉంటాయి. బ్యాటరీ ఉంటుంది, చిన్న కంప్యూటర్ ఉంటుంది, రేడియో, జీపీఎస్, ఉష్ణోగ్రతా గాలి ఒత్తిడీ కొలిచే పరికరాలు ఉంటాయి.

ఒత్తిడి కొలిచే ముక్క చిటికెన వేలి గోరంత ఉంటుంది, ధర వందల్లోనే. పైకి పోయేకొద్దీ మన మీదున్న గాలి తగ్గుతుంది కాబట్టి ఒత్తిడీ తగ్గుతుంది. నేల దగ్గర ఒత్తిడి సుమారు వెయ్యి మిల్లీబార్లయితే, అక్కడి నుంచి ప్రతి వంద మీటర్లకూ సుమారు పన్నెండు చొప్పున తగ్గుతుంది. అంటే ఒక్క అంకె చూసి డబ్బా ఎంత ఎత్తులో ఉందో చెప్పెయ్యొచ్చు. రెండో అంతస్తు మెట్లెక్కినా తేడా చూపిస్తుంది. పిల్లల చేతిలో పెట్టి చూడండి, మెట్లు ఎక్కడం దిగడం ఆపరు.

అమెరికాలో 2003 నుంచి బడి పిల్లలకు జరిగే రాకెట్ పోటీలో ఇంకో మెలిక ఉంది. రాకెట్‌లో పచ్చి కోడిగుడ్డు పెట్టి పంపాలి, చెప్పిన ఎత్తుకు వెళ్లి, చెప్పిన సమయానికి, పెంకు చిట్లకుండా దిగాలి. మన దేశంలో ఇన్-స్పేస్, ఆస్ట్రోనాటికల్ సొసైటీ కలిసి కాలేజీ విద్యార్థులకు డబ్బా ఉపగ్రహాల పోటీ పెడుతున్నాయి. బడి స్థాయిలో ప్రకాశం జిల్లా సూరారెడ్డిపాలెం జిల్లా పరిషత్ హైస్కూలు అమ్మాయిల అనుభవం ఉంది. దేశంలో 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి చేసిన ఆజాదీశాట్‌లో వాళ్లూ ఉన్నారు. 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమై ఆ ఉపగ్రహం పోయింది. 2023 ఫిబ్రవరి 10న రెండోది కక్ష్యకు చేరింది.

ఇలాంటిది చీపురుపల్లిలో మండల స్థాయి పోటీగా పెట్టొచ్చని నా నమ్మకం. రాకెట్ కూడా అక్కర్లేదు. పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు ఇప్పుడు మన జిల్లాల్లోనూ తిరుగుతున్నాయి. విమానాశ్రయాలకు దూరంగా, ఆంక్షలు లేని ప్రాంతంలో డ్రోన్‌ను 400 అడుగుల దాకా ఎగరెయ్యడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. నడపడానికి పైలట్ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఉండాలి. 400 అడుగులంటే 120 మీటర్లు. లోపల పచ్చి గుడ్డు పెట్టి ఆ ఎత్తు నుంచి వదిలిన డబ్బా సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగితే 24 సెకన్లలో నేల చేరుతుంది. గాలి కూడా అంతే వేగంతో వీస్తుంటే 120 మీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది. పారాచూట్ పెద్దది చేస్తే మెల్లగా దిగుతుంది, గుడ్డుకు మంచిది, కానీ పక్క పొలంలో పడుతుంది. చిన్నది చేస్తే గురి తప్పదు, గుడ్డు దక్కదు. ఎంత గుడ్డ కత్తిరించాలో పిల్లలే తేల్చుకోవాలి. రుటాన్ తన రెక్క మడత దగ్గర తేల్చుకున్న లెక్క కూడా ఈ జాతిదే.

పోటీ పెట్టడానికి సంక్రాంతి వెళ్లాక వరి కోసిన మళ్లు బాగుంటాయి. పడిన డబ్బా కనబడుతుంది, పంటకు నష్టం లేదు. రైతును ముందే అడగాలి. ఒక్కో జట్టులో ఐదుగురు, ప్రభుత్వ బడుల వాళ్లకు సామాను ఉచితంగా ఇవ్వాలి, పిల్లలు స్వయంగా ప్రయోగాలు చేసుకోవడానికి కొన్ని బడుల్లో ఉన్న అటల్ ల్యాబులను సెలవుల్లోనూ తెరిచి ఉంచాలి. మార్కులు మూడింటికి వెయ్యాలి. డబ్బా పంపిన ఎత్తుల పట్టిక అసలు ఎత్తులకు ఎంత దగ్గరగా ఉంది, నేల మీద గీసిన వలయానికి ఎంత దూరంలో పడింది, గుడ్డు ఏమైంది. ఏ బడి, ఏ మీడియం, ఎవరి పిల్లలు అన్నది కాగితం మీద ఉండకూడదు.